కొత్తబట్ట కప్పొద్దన్న మావయ్య

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసేసరికి నేను విజయనగరంలో మా ఇంట్లో బీరువా తెరిచి, కాలేజీకి ఏ చీర కట్టుకోవాలా అని చూస్తున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది గాని ఆ పూట జరిగింది అదే. "మీ మావయ్య ఎల్లిపోనాడే. టీ తాగి గళాసు కింద పెట్టినాడు, అంతే" అంది అత్త. ఏడవలేదు. "బేగి రా. మీద కొత్తబట్ట కప్పొద్దన్నాడు కదా, ఆ సంగతి అందరికీ ఎవులు సెప్తారు? నా వల్ల కాదు. నువ్వు పాఠాలు సెప్పుకునేదానివి, నువ్వే సెప్పాల" అంది.

ఆయన పోయి నెల కావస్తోంది. అత్త అన్నట్టే గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. అలా చెప్పి ఒప్పు చేశానో తప్పు చేశానో ఇప్పటికీ తేలలేదు. తేలాక రాద్దామనుకున్నాను. తేలేలా లేదు కాబట్టి ఇలాగే రాస్తున్నాను. చదివేవాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

మావయ్య అంటే మా అమ్మకి అన్నయ్య. పాతపట్నం బజార్లో నలభై ఏళ్ల పైచిలుకు బట్టల కొట్టు నడిపాడు. మా నాన్న నౌపడ ఉప్పుమళ్లలో గుమాస్తా. అమ్మ ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో ఆరో తరగతిలో నన్ను తీసుకొచ్చి మావయ్య ఇంట్లో పెట్టారు. ఆయనకి పిల్లల్లేరు. బడి వదలగానే నేరుగా కొట్టుకే పోయేదాన్ని. నేలమీద పరిచిన తెల్ల దుప్పటి, దాని మీద బాసింపట్టు వేసుకుని మావయ్య, వెనక గోడ నిండా తానులు. కొత్తబట్ట గంజి వాసన ఆ కొట్లో ఉన్నంతగా నాకింకెక్కడా తగల్లేదు.

బట్టల కొట్టువాడు ఎవరైనా ఒకటి అడిగితే పది విప్పి చూపిస్తాడు. మా మావయ్య మాత్రం ముందు విచారణ మొదలుపెట్టేవాడు.

"పోయినేడు పట్టికెళ్లినావు కదా, నీలం గళ్లది. అదేటైనాది?"

"సిరిగిపోనాది సావుకారూ."

"ఎక్కడ సిరిగినాది? తెచ్చి సూపించు."

కొనడానికి వచ్చినవాడు నీళ్లు నమిలేవాడు. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన ఒకాయన విసుగెత్తి, "నువ్వు బట్టలమ్మడానికి కూకున్నావా, పోలీసోడివా?" అని లేచి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. మావయ్య పకపకా నవ్వాడు. అత్తకి మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు వంటింట్లో గిన్నెలు రోజూ కంటే గట్టిగా మోగాయి.

ఒకవేళ ఎవరైనా నిజంగానే చిరిగినది పట్టుకొస్తే మావయ్యకి పండగే. ప్రతి తానులోనూ చివరి జానెడు ముక్క అమ్మకుండా ఒక రేకుపెట్టెలో దాచేవాడు. చిరిగిన చొక్కాని ఒళ్లో పరుచుకుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, పెట్టెలోంచి దాని జతముక్క వెతికేవాడు. దొరికేదాకా కొత్త బేరం చూసేవాడు కాదు. దొరికాక అరుగు మీద మిషను దర్జీకి విసిరి, "అతుకు అవుపించకూడదు సుమీ" అనేవాడు. చంక చిరిగిన జాకెట్లు, మోకాలు పోయిన స్కూలు నిక్కర్లు, ఎన్ని వచ్చేవో. ఆ ముక్కకి ఏమీ తీసుకునేవాడు కాదు. "అది ఆ బట్టలోదే, ఆడిదే" అనేవాడు. ఇది వ్యాపారమా, ఇంకేదైనానా అని నాకప్పుడు అనుమానం రాలేదు. ఇప్పుడొస్తోంది.

ఆయనకి సుతరామూ గిట్టనివి పెట్టుడు బట్టలు. పెళ్లికో నోముకో వచ్చినవాళ్లకి బొట్టు పెట్టి చేతిలో పెడతామే, ఆ చీరలూ జాకెట్టు ముక్కలూ. తను కట్టుకోడానికైతే రంగు పోతుందా, ముడుచుకుపోతుందా అని నలిపి, వెలుగులోకి పట్టుకెళ్లి చూసే మనిషే, పెట్టుడువి కొనేటప్పుడు వేలితో కూడా ముట్టుకోదు. "పెట్టడానికేలెండి, ఏదో ఒకటి ఇచ్చీయండి" అంటుంది. మావయ్య ముందే అడిగేసేవాడు: "కట్టుకోడానికా, పెట్టడానికా?" పెట్టడానికి అని నోరు జారితే, "మన దగ్గర నేవమ్మా, ఎదర కొట్లో ఉన్నాయి" అని చెయ్యి చూపించేవాడు. ఎదర కొట్టాయన రెండంతస్తులు లేపాడు. మావయ్య కొట్టు పైకప్పు వానాకాలంలో కారుతూనే ఉండేది.

ఒక శ్రావణ శుక్రవారం అత్తకి ఎవరో పేరంటంలో జాకెట్టు ముక్క ఇచ్చారు. మావయ్య దాన్ని చేతిలోకి తీసుకుని మడత విప్పి, వేలితో అంచు రాసి చూశాడు. "ఇది నేను సింపిందే. మూడేళ్లయినాది" అన్నాడు. మడతలున్న చోటల్లా రంగు వెలిసి గీతలు పడిపోయాయి. మూడేళ్లు ఇంటింటికీ తిరిగింది గాని సూది మొహం చూడలేదన్నమాట. ఆ సాయంత్రమే దర్జీకిచ్చి కుట్టించి, ఇష్టం లేదు మొర్రో అంటున్నా అత్త చేత తొడిగించాడు. "పాపం, తిరిగి తిరిగి అలిసిపోనాది. కూకోనీ" అన్నాడు. వెలిసిన గీతల జాకెట్టు తొడుక్కుని అత్త వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంతా చేసి ఆయన ఖద్దరు మనిషేం కాదు. ఆయనకి ఎప్పుడూ రెండే చొక్కాలు, బిస్కెట్టు రంగుదొకటి, లేత నీలందొకటి, రెండూ టెర్రీకాటన్. నేను హోంసైన్సు చదివి కాలేజీలో చేరాక, పిల్లలకి వస్త్రాల పాఠం చెప్పడం మొదలుపెట్టాక, ఆ చొక్కాల మీద నా కన్ను పడింది. ఒక దసరా సెలవుల్లో ఆయన్ని కూచోబెట్టి క్లాసు తీసుకున్నాను. ఇలాంటి పాలిస్టరు కలిసిన బట్ట ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయనీ, అవి చేపల దాకా పోతాయనీ, చవక బట్ట వెనక ఎక్కడో ఎవరో ఆడపిల్ల కిటికీ లేని షెడ్డులో మిషను తొక్కుతూ ఉంటుందనీ, కొనేముందు అన్నీ ఆలోచించాలనీ చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "మంచి మాటే సెప్పినావు. అయితే ఈ సొక్కా తప్పంటావు" అన్నాడు.

"తప్పే మావయ్యా."

"ఇరవై రెండేళ్లై తొడుగుతన్నాను. ఇది సావదు. దీన్ని పారీసి మంచిది కొనుక్కుంటే ఒప్పవుతాదా?"

పారేస్తే అది మట్టిలో కలవదు. ఉంచుకుంటే ఉతికినప్పుడల్లా పోగులు. కొత్తది కొంటే దానికి మళ్లీ పత్తి, నీళ్లు, రంగు. "ఉంచుకో, కాని తక్కువసార్లు ఉతుకు" అన్నాను. "ఒసే, కంపు కొడతాదే" అని అత్త వంటింట్లోంచి కేకేసింది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ చొక్కా సంగతి మాత్రం అక్కడే ఆగిపోయింది.

మూడేళ్ల కిందట కంట్లో శుక్లానికి ఆపరేషను చేయించుకోడానికి మా ఇంటికొచ్చాడు. కట్టు విప్పిన మర్నాడు, కొత్తచూపు కదా, ఇల్లంతా తిరిగి చూస్తూ నా బీరువా ముందు ఆగాడు. నేను గొప్పగా తలుపులు బార్లా తీశాను. అన్నీ చేనేతే, నేసినవాళ్ల దగ్గరకెళ్లి కొన్నవే, దళారీ అన్నవాడు మధ్యలో లేడు అని ఒక్కొక్కటీ చూపించాను. ఆయన ఒక చీర అంచు పట్టుకుని, "ఇదెప్పుడు కట్టినావు?" అన్నాడు. గుర్తులేదన్నాను. "ఇది?" అన్నాడు. దానికింకా కాగితం చీటీ వేలాడుతోంది.

"మంచి సీరలే. మంచోళ్లు నేసినవే. మరి ఇన్నేటికే? ఒంటికి ఒకటే కదా పడతాది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "నేను కొంటేనే కదా వాళ్ల మగ్గం ఆడేది? అందరూ నీలాగా రెండు చొక్కాలతో బతికేస్తే వాళ్లేం తింటారు?" అనేశాను.

కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన చీర అంచు వదిలేసి మంచం మీద కూచుని, "అదీ నిజమే. నాకూ తెల్దు" అన్నాడు. అప్పుడు చెప్పాడు నాకు తువ్వాళ్లు నేసే ఒకావిడ గురించి.

టెక్కలి దారిలో ఒక ఊళ్లో నేత దంపతులు ఉండేవారట. వారం వారం డజను తువ్వాళ్లు నేసి తెచ్చి ఈయన కొట్లో ఇచ్చేవారు. తర్వాత మిల్లు తువ్వాళ్లు వచ్చాయి. సగం ధర, మెరుపెక్కువ. మావయ్య మొదట రెండూ పెట్టాడు. జనం మెరిసేవే పట్టుకుపోయారు. దాంతో మూడేళ్లపాటు ఆ దంపతుల దగ్గర కొనడం మానేశాడు. మగ్గం ఆగిపోయి ఆవిడ భర్త సాలూరు వెళ్లి లారీలకి బస్తాలెత్తే పనిలో చేరాడు. అక్కడే జబ్బు చేసి పోయాడు. ఆ కబురు తెలిశాక మావయ్య సైకిలేసుకుని వాళ్ల ఊరెళ్లి, ఆవిణ్ని మళ్లీ నెయ్యమని అడిగాడు. ఒక్కర్తీ కదా, నెలకి ఆరు కంటే సాగేవి కాదు. కొట్టు మూసేదాకా ఆ ఆరూ ఈయనే తీసుకున్నాడు.

"ఆ మూడేళ్లూ నేను తప్పుసేసినాను. ఇంకో సంగతి ఇను. ఆల తువ్వాలు నాలుగేళ్లొస్తాది, నాలుగేళ్లొస్తాది అని అందరికీ సెప్పి అమ్మీవోణ్ని. నాలుగేళ్లొస్తే మళ్లీ నాలుగేళ్ల దాకా ఎవులూ కొనరు కదా. ఆలెలాగ బతుకుతారు? అది నేను ఆలోసించనేదు" అన్నాడు.

నేను నోట్సు రాసుకునే మనిషిని. ఆ రోజు ఏమీ రాసుకోలేదు. మావయ్య లాంటివాడు కూడా తెలియక కొట్టుకుంటున్నాడంటే నాకు ఒక రకంగా ధైర్యమూ కలిగింది, ఒక రకంగా భయమూ వేసింది.

ఈ ఎండాకాలంలో తన స్నేహితుడు పోతే మావయ్య చూడ్డానికి వెళ్లి, శ్మశానం దాకా నడిచాడు. నేనప్పుడు పాతపట్నంలోనే ఉన్నాను. తిరిగొచ్చి, స్నానం చేసి, అన్నం వద్దన్నాడు. "మడత ఇప్పని పంచెలే, తువ్వాళ్లే. వొచ్చినోడల్లా ఒకటి కప్పినాడు. ఆఖరికి అన్నీ కుప్పేసినారు. సగం కాలి సగం బురదలో పడున్నాయి. ఎవులో ఒకరు నేసినవి కదే అవి" అన్నాడు. తర్వాత మా ఇద్దర్నీ చూసి, "నా మీద కొత్తబట్ట కప్పకండి. నా పాత పంచె ఉన్నాది, ఉతికి అదే కప్పండి. అవీ పెట్టుడు బట్టలే. పుచ్చుకున్నోడు ఒద్దనలేడని ధైర్యం" అన్నాడు. ఆ చివరి మాటకి మేం నవ్వేశాం.

ఇక ఆ రోజు. నేను వెళ్లేసరికి ఆయన్ని వీధరుగు మీద పడుకోబెట్టి, ఉతికిన పాత పంచె కప్పి ఉంచారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ కవర్లే. నలభై ఏళ్లు ఆయన చేత బట్ట కొలిపించుకున్నవాళ్లు కదా, చివరికి ఆయనకో బట్ట పెట్టకపోతే ఎలా అని వాళ్ల బాధ. "ఆయన వద్దన్నారండి. పువ్వులు వెయ్యండి, చాలు" అని చెప్పాను. పదిమందికి చెప్పాక అలవాటైపోయింది. ఒకాయన "మంచి పద్ధతమ్మా" అని మెచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నా తలకెక్కింది. క్లాసులో చెప్పినదాన్ని మొదటిసారి నలుగురి చేత చేయిస్తున్నాననుకున్నాను.

అత్త తమ్ముడు జరీపంచె తెచ్చాడు. వద్దంటే మండిపడ్డాడు. "మా అప్ప పెనివిటికి మేం బట్ట పెట్టకపోతే ఊరేటనుకుంటాది? నువ్వెవర్తివే అడ్డం పడడానికి?" అన్నాడు. అత్త లోపల్నుంచి ఆయనకి చెయ్యి ఊపి వద్దంది. ఆయన ఆ కవరు ఒళ్లో పెట్టుకుని, నన్నే చూస్తూ బయట బల్ల మీద కూచున్నాడు.

అప్పుడొచ్చింది ఆవిడ. తెల్లజుట్టు, పొట్టి మనిషి, బస్సు దిగి ఎండలో నడిచొచ్చినట్టుంది. చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం, కొసన పచ్చటి అంచు కనపడుతోంది. "సావుకారు గోరికి" అంది. అలవాటైన మాటే అప్పజెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "పొద్దున్నే మగ్గం మీంచి కోసి తెచ్చినానమ్మా" అంది.

తెలియక చేశానని రాసుకోవచ్చు. కాని నాకు తెలిసింది. ఆ మాట వినగానే ఆవిడే మావయ్య చెప్పిన తువ్వాళ్లావిడని తెలిసిపోయింది. తెలిసీ పక్కకి చూశాను. బల్ల మీద అత్త తమ్ముడు కవరుతో కూచునే ఉన్నాడు. ఈవిడది ఒప్పుకుంటే ఆయన ఊరుకుంటాడా? ఇంతసేపూ వెనక్కి పంపినవాళ్లకి ఏం చెప్పను? "ఎవరిదీ కప్పడం లేదమ్మా" అన్నాను. ఆవిడ నాతో వాదించలేదు. "ఆయన మాటయితే మరేటి" అని, దగ్గరకెళ్లి పాదాలు ముట్టుకుని కళ్లకద్దుకుని, పొట్లం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక అత్తతో చెప్పాను. అత్త అదిరిపడి, "ఆవిణ్ని పంపీసినావేటి?" అంది.

"వద్దన్నాడు కదా అత్తా."

"ఒద్దన్నాడు, నిజమే. ఆవిడ తువ్వాలు కూడా ఒద్దనీవోడా? మీద పడుంటే సంతోసించీవోడే. కాదు, దాన్ని కాల్చకండి అని లేచి కూకునీవోడే. ఏటోనే, నాకూ తెల్దు" అంది. అప్పుడు ఏడ్చింది, ఆ రోజులో మొదటిసారి. నేనూ ఏడ్చాను.

కాలేజీకి తిరిగెళ్లాక పాఠం సాగలేదు. "మరి ఏం కొనమంటారు మేడమ్?" అని ఒకమ్మాయి అడిగితే, "తెలియదమ్మా" అన్నాను. క్లాసులో అలా అనడం అదే మొదలు. ఆయన మాట నిలబెట్టాననుకుంటే ఆవిడ మొహం కనపడేది. ఆవిణ్ని తల్చుకుంటే, ఆయన చెప్పిన ఆ బురదలో పంచెలు కనపడేవి. పెద్దకర్మ అయిన తర్వాత ఆదివారం, ఇంక ఉండలేక, ఊరి పేరు అత్తని అడిగి టెక్కలి బస్సెక్కాను.

పెంకుటింటి వసారాలో గుంట మగ్గం, గుంటలో కాళ్లు పెట్టుకుని ఆవిడ. నన్ను గుర్తుపట్టి లేచి, పీట వేసి, మజ్జిగ ఇచ్చింది. ఆవిడ మెడలో పచ్చంచు తువ్వాలుంది. గంజి వదిలిపోయి మెత్తబడింది. అదేనని నాకు వెంటనే తెలిసింది.

"ఆ రోజు మిమ్మల్ని అలా పంపించేశాను. తప్పు చేశానమ్మా" అన్నాను.

"తప్పేటి, ఒప్పేటి? ఆయన ఒద్దన్నారు, నువ్వు సెప్పినావు."

"ఆ తువ్వాలు నాకిచ్చెయ్యండి. ఆయన గుర్తుగా దాచుకుంటాను."

ఆవిడ తువ్వాలు కొస పట్టుకుని ఒకసారి చూసుకుంది.

"దాసుకోడానికైతే ఇవ్వనమ్మా" అంది. "నలబై ఏళ్లై నేస్తన్నాను. మా ఇంట్లో మేం నేసిన తువ్వాలు ఒక్కటీ నేదు. నేసినవన్నీ అమ్మీసినాం, మేం సంతలో మిల్లుది కొనుక్కున్నాం. మా ఆయన సాలూర్లో పోనప్పుడు కూడా ఆడి భుజం మీద మిల్లుదే. మొన్న ఇది ఎనక్కొచ్చినాది కదా, బస్సులో ఎండకి తల మీద ఏసుకున్నాను. ఎంత సల్లగున్నాదో! నాకింతవరకూ తెల్దమ్మా."

నేను ఏదో అనబోయాను. చీరల బీరువా గురించో, మావయ్య చెప్పిన ఆ మూడేళ్ల గురించో, ఏదో. ఆవిడ వినేలా లేదు. వెలుగుండగానే నాలుగు జానలు నేసుకోవాలంటూ లేచింది. తువ్వాలు తీసి మొహం, మెడ, మోచేతుల దాకా నెమ్మదిగా తుడుచుకుంది. మళ్లీ మెడ చుట్టూ వేసుకుని గుంటలోకి దిగింది. పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడుతుంటే పచ్చంచు తువ్వాలు చెమటకి తడిసి ఆవిడ వీపుకి అంటుకుపోయింది.